సొరకాయ జ్యూస్ చేదుగా ఉంటే తాగొద్దు, ఆ వాంతులు డీటాక్స్ కాదు

ప్రశ్న: డాక్టర్ గారూ, నమస్తే. నాకు 46 ఏళ్లు, మాది ఖమ్మం. ఆరేళ్లుగా షుగర్ ఉంది, బీపీ కూడా. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ కలిపిన టాబ్లెట్, బీపీకి టెల్మిసార్టాన్ వాడుతున్నా. ఇన్‌స్టాలో ఒకావిడ 21 రోజుల డీటాక్స్ ఛాలెంజ్ అని రీల్స్ పెడితే మా అపార్ట్‌మెంట్ ఆడవాళ్లందరం మొదలుపెట్టాం. పరగడుపున పెద్ద గ్లాసు పచ్చి సొరకాయ జ్యూస్, వారంలో మూడు రోజులు పాలకూర జ్యూస్, మధ్యాహ్నం దాకా ఇంకేమీ తినకూడదు. ఒకరోజు పదిన్నరకి ఒళ్లంతా చెమటలు, చేతులు వణికాయి. మొన్న జ్యూస్ బాగా చేదుగా ఉన్నా చేదే మంచిదని తాగేశా, గంటలోపే వాంతులు, విరేచనాలు. కామెంట్‌లో అడిగితే ఒంట్లో టాక్సిన్స్ బయటికి పోతున్నాయి, ఆపొద్దు అని ఆవిడ రిప్లై ఇచ్చింది. కంటిన్యూ చెయ్యొచ్చా? షుగర్ మాత్ర మానేయొచ్చా?

జవాబు: అమ్మా, జ్యూస్ ఈ రోజే ఆపేయండి. మాత్ర మాత్రం మీ అంతట మీరు ఆపకండి.

ముందు ఆ చేదు సంగతి చెప్తాను ఎందుకంటే నన్ను బాగా భయపెట్టింది అదే. సొర, బీర, దోస ఇవన్నీ ఒకే జాతి తీగలు, వీటిలో కుకుర్బిటాసిన్ అనే చేదు పదార్థం ఉంటుంది, మామూలు కాయల్లో చాలా తక్కువ కాబట్టి మనకి తెలియదు, కానీ తీగకి నీళ్లు చాలక ఎండ దెబ్బ తగిలినా, ఒక్కోసారి విత్తనం తేడా వల్ల కూడా అది బాగా పెరిగిపోతుంది, పైకి చూస్తే కాయ నవనవలాడుతూనే ఉంటుంది. అది ఎక్కువగా కడుపులోకి వెళ్తే పొట్ట లోపలి పొర ఒరుసుకుపోయి రక్తపు వాంతులు కావొచ్చు, బీపీ పడిపోయి షాక్‌లోకి వెళ్లొచ్చు. దీనికి విరుగుడు మందు లేదు, సెలైన్ పెట్టి, బీపీ నిలబెట్టి కాపాడుకోవడమే మా చేతిలో ఉన్నది. 2010లో ఢిల్లీలో ఒక సైంటిస్టు ఏళ్ల తరబడి తాగుతున్న సొర, కాకర జ్యూసే ఆ రోజు మరీ చేదుగా ఉన్నా తాగి చనిపోయారు, ఆయన భార్య హాస్పిటల్లో చేరి బయటపడ్డారు. ఆ తర్వాత ఐసీఎంఆర్ (కేంద్ర ప్రభుత్వ వైద్య పరిశోధన మండలి) నిపుణుల కమిటీ స్పష్టంగా చెప్పింది, చిన్న ముక్క నోట్లో వేసుకుని చూడండి, చేదుంటే పారేయండి, వేరే జ్యూస్‌లు కలపొద్దు, తాగాక వికారం, వాంతులు ఏదొచ్చినా వెంటనే హాస్పిటల్‌కి వెళ్లండి అని. కాకరతో కలిపితే ఏ చేదు దేనిదో తెలియదు కదా, అందుకే కలపొద్దన్నారు. కాకరకాయ చేదు వేరు, దాన్ని చూసి సొరకాయ చేదు కూడా మంచిదే అనుకోవద్దు.

మన ఇళ్లల్లో బీరకాయ తరిగేటప్పుడు అమ్మమ్మలు కొస ముక్క కొరికి చూసి, చేదుంటే కాయ మొత్తం అవతల పడేసేవాళ్లు. మిక్సీలో వేసి వడకట్టి తేనె, నిమ్మకాయ కలిపేస్తే ఆ చూసుకోవడం పోయింది.

ఇక ఆ చెమటలు, వణుకు. అది లో షుగర్ అయ్యే అవకాశమే ఎక్కువ. గ్లిమెపిరైడ్ మీరు తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ని బయటికి తోస్తూనే ఉంటుంది, అది వేసుకుని మధ్యాహ్నం దాకా ఖాళీ కడుపుతో ఉంటే షుగర్ 70 కిందికి దిగిపోతుంది, స్టవ్ దగ్గరో మెట్ల మీదో కళ్లు తిరిగి పడితే ఏమిటి పరిస్థితి? మళ్లీ అలా అనిపిస్తే వెంటనే మూడు చెంచాల గ్లూకోజ్ పొడి గానీ పంచదార గానీ నీళ్లలో కలుపుకుని తాగండి, పావుగంట ఆగి మీటర్‌లో చూడండి, ఇంకా తక్కువే ఉంటే మళ్లీ తాగండి, తేరుకున్నాక ఏదైనా తినండి. రేపటి నుంచి పొద్దున టిఫిన్, దాంతోపాటే మాత్ర. మీ గ్రూపులో ఎవరైనా డాపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మాత్ర వేసుకుంటూ ఇలా కడుపు మాడ్చుకుంటుంటే వాళ్లకి ఇంకో ప్రమాదం, మీటర్‌లో షుగర్ పెద్దగా పెరగకుండానే రక్తంలో కీటోన్లు అనే ఆమ్లాలు పెరిగి ఐసీయూ దాకా వెళ్లొచ్చు, వాళ్లకి కూడా చెప్పండి.

పాలకూర కూరగా మంచిదే. పచ్చిగా గ్లాసులకి గ్లాసులు తాగితే అందులోని ఆక్సలేట్ అనే పదార్థం కిడ్నీల్లో స్ఫటికాలుగా పేరుకుని, అప్పటికే షుగర్ వల్ల బలహీనపడ్డ కిడ్నీ ఇంకా దెబ్బతినొచ్చు. పైగా టెల్మిసార్టాన్ వేసుకునేవాళ్లకి పొటాషియం పెరిగే వీలుంది, కిడ్నీ సరిగ్గా లేకపోతే అది గుండె లయని తప్పిస్తుంది.

టాక్సిన్స్ అంటారు గానీ, ఆ పని లివర్, కిడ్నీలు రాత్రింబగళ్లు చేస్తూనే ఉన్నాయి. రీల్ చేసే ఆవిడకి మీ క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఎంతో తెలియదు, మీరు ఏ మందు వాడుతున్నారో అడగలేదు, వాంతులు అవుతున్నాయంటే ఆపొద్దు అనడం నా దృష్టిలో క్షమించరాని మాట.

ఇప్పుడు చెయ్యాల్సింది, రేపే మీ డాక్టర్ దగ్గరికి వెళ్లి క్రియాటినిన్, పొటాషియం, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), యూరిన్‌లో ప్రోటీన్ చూపించుకోండి, మీ మాత్రల స్ట్రిప్పులు కూడా తీసుకెళ్లండి. వాంతిలో రక్తం, నల్లటి విరేచనం, నిలబడితే కళ్లు తిరగడం, యూరిన్ తగ్గడం వీటిలో ఏదున్నా రేపటిదాకా ఆగొద్దు, ఎమర్జెన్సీకే వెళ్లండి. వాంతులు, విరేచనాలు మళ్లీ మొదలైతే మెట్‌ఫార్మిన్, బీపీ మాత్ర తాత్కాలికంగా ఆపాలేమో ఫోన్ చేసైనా డాక్టర్‌ని అడగండి. బరువు తగ్గాలంటే సొరకాయ పెసరపప్పు, ఆనపకాయ పులుసు హాయిగా తినండి, ముక్క రుచి చూశాకే, ఎందుకంటే ఉడికించినా ఆ చేదు విషం పోతుందని నమ్మకం లేదు.

ఇంకోటి, మీతో పాటు ఛాలెంజ్ చేస్తున్నవాళ్లలో గుండె వాల్వ్ ఆపరేషన్ అయి రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ గానీ ఎసిట్రోమ్ గానీ వాడేవాళ్లు ఉన్నారేమో కనుక్కోండి, ఆకుకూరల్లోని విటమిన్ కె వల్ల ఆ మందు పనితనం తగ్గి వాల్వ్ దగ్గర రక్తం గడ్డకట్టొచ్చు, వాళ్లని ఈ వారమే రక్తం గడ్డకట్టే వేగం చూసే ఐఎన్ఆర్ టెస్ట్ చేయించుకోమనండి.