అనూబియాస్, జావా ఫెర్న్ కుళ్లుతున్నది వెలుతురు చాలక కాదు

చేపల తొట్టెలో బోరు నీటిలో పెంచుతున్న అనూబియాస్, జావా ఫెర్న్ అనే నీటి మొక్కలు వెలుతురు చాలక కుళ్లుతున్నాయేమోనని, తొట్టెలో ఆకుపచ్చ నాచు కూడా పడుతోందని మీరు అడిగారు. మీ 40 లీటర్ల తొట్టెలో రోజుకు 12 గంటలు లైటు వెలుగుతున్నా అనూబియాస్, జావా ఫెర్న్ మొదళ్ల దగ్గర మెత్తబడి కుళ్లుతున్నాయంటే, కారణం చాలావరకు వాటి కాండాన్ని గులకరాళ్ల కింద పూడ్చడమే.

ఈ రెండింటికీ పసుపు కొమ్మును పోలిన అడ్డకాండం ఉంటుంది. పసుపు పండే కడప జిల్లాలో కొమ్మును మట్టిలో పెట్టడమే మనకు అలవాటు కాబట్టి ఇక్కడా అదే చేస్తాము, కానీ ఈ కొమ్ము చుట్టూ నీరు ఆడుతూ ఉండాలి.

1. మొక్కలను బయటికి తీసి, గట్టిగా ఉన్న పచ్చని భాగం కనిపించేవరకు కుళ్లినదంతా పదునైన బ్లేడుతో కోసివేయండి.

2. మిగిలిన కొమ్మును రాయికి గానీ, నానబెట్టిన కొయ్యకు గానీ నూలు దారంతో వదులుగా కట్టండి. వేర్లు గులకలోకి దిగినా ఫరవాలేదు, కొమ్ము మాత్రం పైకి కనిపించాలి. ఇంట్లో మిగిలిన కడప బండ ముక్కను వాడకండి. అది సున్నపురాయి, అసలే ఉప్పుతేలే బోరు నీటిని మరింత కఠినం చేస్తుంది.

3. లైటును 7 గంటలకు తగ్గించి, టైమరుకు అప్పగించండి. ఇవి నీడను ఓర్చుకునే మొక్కలు కాబట్టి 6500 కెల్విన్ (పగటి వెలుగును పోలిన రంగు) తెల్ల ఎల్‌ఈడీ ఒకటి చాలు. అదనపు వెలుతురు మీరు చెప్పిన ఆకుపచ్చ నాచుకే మేత అవుతుంది.

తొట్టెలో వెనుక వరుసకు వాలిస్నేరియా అనే పొడవాటి ఆకుల నీటి మొక్కను తెచ్చుకోండి. దానికి కఠిన జలం సరిపడుతుంది, దానిని మాత్రం గులకలోనే నాటాలి.