విప్లవం ఎందుకొచ్చిందో రాసేముందు

చిరంజీవికి ఆశీస్సులు.

విప్లవాల కారణాల మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. పేదరికం, పన్నుల భారం, రాజు దుబారా వరసగా పేర్చావు. తప్పేం లేదు. కానీ ఈ మూడూ ఎన్నో రాజ్యాల్లో తరతరాలుగా ఉన్నాయి, అయినా రాజులు నిక్షేపంగా ఏలుకున్నారు. కష్టాలే చాలేటట్టయితే ఏటా ఏదో ఒక సింహాసనం కూలాలి కదా!

1856లో ఫ్రెంచి రచయిత టోక్విల్ తమ దేశపు విప్లవం గురించి రాస్తూ, పరిస్థితులు మెరుగుపడుతున్న చోటే అసహనం పెరిగిందన్నాడు. చెడ్డ ప్రభుత్వానికి అసలు గండం అది సంస్కరణలు మొదలుపెట్టినప్పుడేనట. 1962లో అమెరికా పండితుడు జేమ్స్ డేవిస్ ఇంకో మెలిక పెట్టాడు: చాలాకాలం బాగుపడ్డాక హఠాత్తుగా దెబ్బ తగిలితే జనం తట్టుకోలేరని. దీన్ని ఒక గీతగా గీసి చూపించాడు. గీత చూడ్డానికి బాగుంటుంది కాబట్టి పరీక్షల్లో అందరూ అదొక్కటే రాసేస్తారు. నువ్వలా చేయకు.

నాకు బాగా గురి కుదిరింది 1979లో అమెరికా సామాజిక శాస్త్రవేత్త థీడా స్కోచ్‌పోల్ చెప్పినదాని మీద. జనం కోపాన్ని కొలిచే ముందు రాజ్యం ఎంత బలహీనపడిందో చూడమంటుంది ఆవిడ. రష్యానే తీసుకో. 1905 జనవరిలో అప్పటి రాజధాని పీటర్స్‌బర్గ్‌లో, వినతిపత్రంతో వచ్చిన కార్మికుల మీద సైనికులు కాల్పులు జరిపారు. దేశమంతా సమ్మెలు. అయినా జార్ డ్యూమా (ఎన్నికైన చట్టసభ) ఇస్తానని కొంత తగ్గి, జపాన్‌తో యుద్ధం ముగించుకుని గట్టెక్కాడు. సైన్యం చాలావరకు ఆయన మాట వింది. 1917 నాటికి ప్రపంచ యుద్ధం మూడో ఏడులో ఉంది, రాజధానిలోని దళాల నిండా కొత్త రంగరూట్లు. పాత రష్యా క్యాలెండర్ ప్రకారం ఫిబ్రవరి 26న జనాన్ని కాల్చిన వోలిన్‌స్కీ దళమే మర్నాడు పొద్దున ఎదురు తిరిగింది. వారం తిరక్కుండా జార్ గద్దె దిగాడు. ఆకలీ కోపమూ రెండుసార్లూ ఉన్నాయి, తుపాకులే ఈసారి మాట వినలేదు.

ఆ సిద్ధాంతం అన్నిచోట్లా అతకదు సుమా. 1979లో ఇరాన్ షా ఏ యుద్ధంలోనూ ఓడలేదు, చమురు డబ్బూ ఉంది, అయినా పోయాడు. మసీదుల ద్వారా జనం కూడగట్టుకున్న తీరునీ, మత భావాల బలాన్నీ లెక్కలోకి తీసుకోవాలని తర్వాత స్కోచ్‌పోలే ఒప్పుకుంది.

కాబట్టి ఫ్రాన్స్ భాగం మళ్లీ రాయి. 1788లో పంట పోయిన సంగతి ఉంచు. దాని పక్కనే, ఆ ఆగస్టులో ఖజానా చెల్లింపులు ఆపేసిన సంగతి పెట్టు. కొత్త పన్నులకు అడ్డుపడ్డవాళ్లలో పెద్దింటివాళ్లే ముందున్నారని కూడా రాయి. ప్రతి దేశం దగ్గరా ఆగి, అంతకుముందు తిరుగుబాటు ఎందుకు విఫలమైందో రెండు వాక్యాలైనా చేర్చు. పూర్తయ్యాక నాకు పంపు.