డ్రిల్ పెట్టే ముందు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

పాతకాలపు పశువుల ఎముకల మీద పీహెచ్‌డీలో చేరావని అమ్మ చెప్పింది. చాలా సంతోషమేసింది తల్లీ.

చెవి లోపలి భాగాన్ని కప్పి ఉండే గట్టి ఎముక దొరికిందంటే అదృష్టమే. డీఎన్‌ఏ అందులోనే ఎక్కువకాలం నిలుస్తుంది. కానీ డీఎన్‌ఏ తీయడానికి డ్రిల్‌తో పొడి చేశాక ఆ ఎముక మళ్లీ రాదు. తొలి రోజుల్లో నేను కొలతలు రాసుకోకుండానే ఒక ఆవు ఎముకకు డ్రిల్ పెట్టాను. డీఎన్‌ఏ రాలేదు, ఎముకా పోయింది. ఆ బాధ ఇప్పటికీ ఉంది. నువ్వు మాత్రం ఫొటోలు, కొలతలు, వీలైతే స్కాన్ అన్నీ అయ్యాకే ముట్టుకో. మన ఎండలకు డీఎన్‌ఏ తొందరగా పాడవుతుంది. హర్యానాలోని సింధు నాగరికత ఊరు రాఖీగఢీలో 61 మానవ నమూనాలు పరీక్షిస్తే పనికొచ్చింది ఒక్కటే.

తల్లి వైపు నుంచి వచ్చే మైటోకాండ్రియా డీఎన్‌ఏ ఒక్కటీ చూసి పశువు పుట్టుక తేల్చేయకు. 2019లో పశ్చిమాసియాలో దొరికిన 67 పాత పశువుల జీనోములు, అంటే మొత్తం డీఎన్‌ఏ, చదివారు. అక్కడ మొదట ఉన్నది మూపురం లేని జాతి. సుమారు 4,200 ఏళ్ల కిందట సింధు లోయ వైపు మూపురం జాతి వారసత్వం అందులో ఒక్కసారిగా కలిసింది. తల్లి వైపు డీఎన్‌ఏ మాత్రం చాలావరకు పాతదే. అంటే ఆంబోతుల్ని తెచ్చి అక్కడి ఆవులకు దాటించారన్నమాట. కరువుకు తట్టుకునే పశువుల కోసమే అని పరిశోధకుల అంచనా. ఆంబోతుల సంగతి నాకూ సబబనిపిస్తుంది, ఎందుకంటే బ్రెజిల్‌లోనూ ఇలాగే బయటి ఆంబోతుల్ని తెచ్చి అక్కడి ఆవులకు దాటించారు. అక్కడి నెలోర్ పశువును చూస్తే తెల్లని ఒళ్లు, నిండు మూపురం, అచ్చం మన ఒంగోలు గిత్తే. తల్లి వైపు చూస్తే చాలావాటిలో యూరప్ ఆవు కనిపిస్తుంది.

ఇంకొకటి, దీన్ని అస్సలు మర్చిపోకు. ల్యాబ్‌లో మనం వాడే రసాయనాల్లోనే ఆవు, పంది డీఎన్‌ఏ ఉండొచ్చు. డీఎన్‌ఏకు నకళ్లు తీసే పీసీఆర్‌లో కలిపే బీఎస్‌ఏ అనే ప్రొటీన్‌ను అసలు ఆవు రక్తం నుంచే తీస్తారు కదా! అందుకే ప్రతి బ్యాచ్‌తోనూ ఎముక పొడి వేయని ఖాళీ ట్యూబు నడపాలి. అందులోనూ ఆవు డీఎన్‌ఏ కనిపిస్తే అది ఎముకది కాదన్నమాట. ఇక డీఎన్‌ఏ నిజంగా పాతదైతే, దాని ముక్కల చివర్లలో సి అనే అక్షరం ఉండాల్సిన చోట టి అనే అక్షరం ఎక్కువగా కనిపించాలి. అది కాలం వేసిన గాయం. ఆ గుర్తు లేకపోతే ఫలితం ఎంత అందంగా ఉన్నా నమ్మకు, గైడ్ తొందరపెట్టినా సరే.

సంక్రాంతికి వచ్చేటప్పుడు ఖాళీ ట్యూబుల ఫలితాలు తీసుకురా. ముందు అవి చూద్దాం, ఆవుల సంగతి తర్వాత.

ఇట్లు,
మామయ్య