మెయిన్‌ఫ్రేమ్ ట్రాఫిక్ ప్రాజెక్టులో వేశారు, మానేయాలా?

ప్రశ్న: సిస్కో నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్ సీసీఎన్‌ఏ పూర్తిచేసి నెట్‌వర్క్ ఇంజనీర్‌గా కొత్తగా చేరాను. ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్‌ల పాత ట్రాఫిక్‌ను రౌటర్లతో ఐపీ మీదుగా పంపే ప్రాజెక్టులో వేశారు. తోటివాళ్లంతా క్లౌడ్ వైపు వెళ్తుంటే నేనిక్కడే ఇరుక్కుపోతానేమోనని టెన్షన్‌గా ఉంది. మానేయమంటారా?

జవాబు: మానేయకండి. అలాగని అక్కడే పాతుకుపోకండి కూడా.

మీరు చెప్పే పాత ట్రాఫిక్ నడిచే నెట్‌వర్క్ పద్ధతి ఎస్‌ఎన్‌ఏ. ఐబీఎం దాన్ని ప్రకటించింది 1974లో. ఆనాటి టెర్మినల్ కంట్రోలర్లు పంపే ఫ్రేముల్లో రౌటర్ దారి వెతుక్కోవడానికి కావలసిన నెట్‌వర్క్ అడ్రస్ ఉండదు. పైగా జవాబు ఆలస్యమైతే సెషన్ తెగిపోతుంది. డీఎల్‌ఎస్‌డబ్ల్యూ (డేటా లింక్ స్విచింగ్) వచ్చింది ఈ చిక్కు తీర్చడానికే. ఫ్రేము అందినట్టు రౌటర్ ఇక్కడే జవాబిచ్చేసి, డేటాను టీసీపీలో పెట్టి అవతలి రౌటర్‌కు పంపుతుంది. ఇదెలా పనిచేయాలో చెప్పే 1995 నాటి పత్రం ఆర్‌ఎఫ్‌సీ 1795ను ఒకసారి చదవండి, విసుగ్గా ఉన్నా సరే.

కాన్ఫిగరేషన్ కొద్ది లైన్లే. అసలు పని అది పనిచేయనప్పుడు మొదలవుతుంది. పీర్ (అవతలి రౌటర్) కనెక్ట్ అయినట్టే చూపిస్తుంది, ఫైర్‌వాల్‌లో డీఎల్‌ఎస్‌డబ్ల్యూ వాడే టీసీపీ 2065 పోర్టు తెరిచే ఉంది, రెండు చివర్లనూ కలిపే సర్క్యూట్ మాత్రం లేవదు. అలాంటప్పుడు మ్యాక్ అడ్రస్ చూడండి. టోకెన్ రింగ్ అనే పాత లాన్‌లో ఒక్కో బైట్‌లోని బిట్లను ఈథర్నెట్‌కు తిరగేసి రాస్తారు. హెక్స్‌లో అక్కడి 40 ఇక్కడ 02, అక్కడి 01 ఇక్కడ 80. ఈ సంగతి తెలియనివాళ్లు కేబుళ్లు మారుస్తూ కూర్చుంటారు. తప్పు ఏ పొరలో ఉందో ఇలా ఒక్కొక్కటిగా తేల్చుకోవడం వస్తే, క్లౌడ్‌లో వీపీఎన్ టన్నెల్ లేచీ డేటా కదలనప్పుడు కంగారుపడరు. ఇంటర్వ్యూలో ఈ కథే చెప్పండి, కమాండ్లు వల్లించకండి.

ఎందుకంటే డీఎల్‌ఎస్‌డబ్ల్యూను కొత్తగా పెట్టేవాళ్లు ఇప్పుడు అరుదు. ఉన్నదాన్ని తీసేసే పనిలోనే విలువ ఉందని నేనంటాను. ఎస్‌ఎన్‌ఏ అప్లికేషన్లను, ఎస్‌ఎన్‌ఏను నేరుగా ఐపీ మీద మోసే, యూడీపీ 12000 నుంచి 12004 పోర్టుల మీద నడిచే ఎంటర్‌ప్రైజ్ ఎక్స్‌టెండర్‌కు, టెర్మినళ్లను ఐపీ మీదుగా మెయిన్‌ఫ్రేమ్‌కు కలిపే టీఎన్3270కు మార్చే చోట మీకు పని ఇవ్వమని అడగండి. మెయిన్‌ఫ్రేమ్ వైపు వీటామ్ (అక్కడి ఎస్‌ఎన్‌ఏ సాఫ్ట్‌వేర్) చూసుకునే సీనియర్‌తో దోస్తీ చేయండి. పీయూ, ఎల్‌యూ, ఎక్స్‌ఐడీ లాంటి ఎస్‌ఎన్‌ఏ మాటలంటే ఏమిటో ఆయనో ఆవిడో పావుగంటలో చెప్పేస్తారు. రౌటర్ మనుషులకూ మెయిన్‌ఫ్రేమ్ మనుషులకూ మాటలు తక్కువ కాబట్టి, ఇద్దరి భాషా తెలిసినవాళ్లను మీటింగుకు పిలవక తప్పదు.

సాయంత్రాలు రౌటింగ్ ప్రోటోకాల్ బీజీపీకి, పైథాన్‌కు ఇవ్వండి. మీ మేనేజర్‌ను ఈ వారమే అడగండి: మార్పిడికి ప్లాన్ ఉందా, అందులో నా వంతు ఏమిటి? ఏడాది తర్వాత కూడా టికెట్లు మూయడం తప్ప ఇంకేమీ చేతికి రాకపోతే, అప్పుడు బయట ఉద్యోగాలు చూడటం మొదలుపెట్టండి.