హన్నా అని పెడితే అందరూ అన్నా అంటారా?

ప్రశ్న: మేడమ్, పెళ్ళయిన చాలా ఏళ్ళకి మాకు పాప పుట్టింది. మా ఆయన హన్నా అని పెడదామంటున్నారు, మా పాస్టరు గారు కూడా మంచి పేరన్నారు. మా అత్తగారు మాత్రం "ఆడగుంటకి అన్నా అని పేరేటి, రేపు తమ్ముడు పుడితే ఏటని పిలుస్తాడు" అని ఒకటే గొడవ. అసలు ఈ పేరుకి అర్థం ఏంటి, ఎక్కడిది, అందరూ పెట్టేసుకుంటున్న పేరా, స్పెల్లింగ్ ఏది రాయించాలి? - ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: ముందు మీ పాపకి నా ఆశీస్సులమ్మా. హన్నా హీబ్రూ పేరు, అర్థం కృప, దయ, అంటే అడిగినవాళ్ళ మీద పెద్దవాళ్ళు చూపించే కనికరం అన్నమాట. యోహాను అనే పేరు కూడా ఈ ధాతువులోంచి వచ్చిందే, దేవుడు కృప చూపించాడు అని దాని అర్థం. హీబ్రూకి చుట్టం లాంటి ఫినీషియన్ భాషలో కూడా ఇదే మాట ఉంది, రోమ్‌ని వణికించిన కార్తేజ్ సేనాపతి హన్నిబాల్ పేరులో ఉన్నది ఈ హన్నే, వాళ్ళు కొలిచిన బయలు (బాల్) అనే దేవుడి దయ అని అర్థం.

అర్థం ఒక్కటే చూసి పేరు పెట్టేయకండి, కథ కూడా తెలుసుకోండి, ఎందుకంటే మీ విషయంలో ఆ కథే ముఖ్యం అని నాకనిపిస్తోంది. సమూయేలు మొదటి గ్రంథం మొదటి అధ్యాయంలో హన్నా వస్తుంది. భర్త ఎల్కానా, అతనికి ఇంకో భార్య పెనిన్నా, పెనిన్నాకి పిల్లలున్నారు హన్నాకి లేరు, ఏటేటా అందరూ షిలోహుకి ఆరాధనకి వెళ్ళినప్పుడల్లా పెనిన్నా దెప్పడం ఈమె అన్నం మానేసి ఏడవడం. భర్త మంచివాడే, పదిమంది కొడుకుల కంటే నీకు నేను ఎక్కువ కాదా అని ఓదారుస్తాడు, కానీ పిల్లల్లేని ఆడదాని బాధ ఆ మాటతో తీరుతుందా చెప్పండి. గుడిలో పెదాలు కదుపుతూ గొంతు బయటికి రాకుండా ప్రార్థన చేస్తుంటే యాజకుడు ఏలీ చూసి తాగేసి వచ్చిందనుకుంటాడు. ఆమె తలదించుకుని వెళ్ళిపోకుండా, అయ్యా నేను తాగలేదు, మనసులో ఉన్నదంతా దేవుడి ముందు కుమ్మరించుకుంటున్నాను అని ఎదురుగా నిలబడి చెప్తుంది. నాకు ఆ జవాబు ఎంత ఇష్టమో! తర్వాత సమూయేలు పుట్టాడు, మొక్కుకున్నట్టే పిల్లాణ్ణి పాలు మాన్పించాక గుడికి ఇచ్చేసింది, ఆ తర్వాత ఇంకో ముగ్గురు కొడుకులు ఇద్దరు కూతుళ్ళు పుట్టారు. మనసులో ప్రార్థన ఎలా చేయాలో యూదుల గురువులు ఈమె దగ్గరే నేర్చుకున్నామంటారు, వాళ్ళ కొత్త సంవత్సరం రోష్ హషానా మొదటిరోజు ప్రార్థనలో ఇప్పటికీ ఈ కథ చదువుతారు. ఎన్నో ఏళ్ళు ఎదురుచూసి పాపని ఎత్తుకున్న మీకు ఈ పేరు నచ్చడంలో ఆశ్చర్యమేముంది.

ఇక మీ అత్తగారి మాట. ఆవిడ ఊరికే అనలేదమ్మా, మన ఇళ్ళల్లో హ అనే అక్షరం మాటల్లో జారిపోతుంది, వీధిలో పిల్లలంతా అన్నా అనే పిలుస్తారు. కానీ ఆ హ వదిలేసింది మనమొక్కళ్ళమే కాదు. అసలు హీబ్రూలో అది మామూలు హ కూడా కాదు, గొంతులోంచి గీరుకుంటూ వచ్చే శబ్దం, వింటే ఖన్నాకి దగ్గరగా ఉంటుంది. గ్రీకులో రాసేటప్పుడు ఆ శబ్దానికి అక్షరం లేక అన్నా అయిపోయింది, అక్కణ్ణించి ఆన్, అనా, స్పానిష్ వాళ్ళ అనిత ఇవన్నీ వచ్చాయి. లూకా సువార్త రెండో అధ్యాయంలో గుడి విడిచి వెళ్ళకుండా ఉపవాసాలతో గడిపిన ముసలి ప్రవక్త్రి ఒకామె ఉంది, తెలుగు బైబిల్లో ఆమె పేరు అన్న అనే ఉంటుంది. తెలుగులో మొదట అచ్చయిన ఆ లూకా సువార్త అనువాదం జరిగింది మన ఊళ్ళోనే. 1805లో లండన్ మిషనరీ సొసైటీ వాళ్ళు జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ విశాఖపట్నంలో దిగి, ఆనందరాయరు అనే ఆయన సాయంతో అనువాదం చేశారు, మత్తయి, మార్కు, లూకా 1812లో సీరాంపూర్‌లో అచ్చయ్యేసరికి ఆ మిషనరీలిద్దరూ చనిపోయారు పాపం. క్యాథలిక్ ఇళ్ళల్లో అయితే అన్నమ్మ పాత పేరే, మరియమ్మ తల్లి పేరది, జూలై 26న పండగ కూడా చేస్తారు. ఆమె కథ బైబిల్లో లేదు, పాత క్రైస్తవ గ్రంథాల్లో ఉంది, అందులో ఆమె కూడా పిల్లల కోసం ఏళ్ళ తరబడి ఏడ్చిన తల్లే. అందుకే మీ అత్తగారిని ముద్దుగా అన్నమ్మ అని పిలుచుకోమనండి, పేరూ మారదు ఆవిడ మాటా నిలబడుతుంది. హన్నా గ్రేస్ అని మాత్రం పెట్టొద్దు, రెండిటికీ అర్థం ఒకటే.

అందరూ పెట్టేసుకుంటున్నారా అంటే, అమెరికాలో ఒకప్పుడు బాగా నడిచింది, 1998, 1999, 2000 మూడేళ్ళూ ఆడపిల్లల పేర్లలో ఎమిలీ తర్వాత రెండో స్థానం దీనిదే, ఆ తర్వాత మెల్లగా తగ్గింది. ఫ్యాషన్ పోయినా నిలబడే పేరు, మూడు వేల ఏళ్ళ నాటి మనిషిది కదా.

స్పెల్లింగ్ హెచ్ ఏ ఎన్ ఎన్ ఏ హెచ్ రాయించండి, అటు నుంచి ఇటు చదివినా అదే వస్తుంది, చివరి హెచ్ మర్చిపోకండి, రేపు బర్త్ సర్టిఫికెట్‌లో ఒకలా ఆధార్‌లో ఒకలా ఉంటే పాస్‌పోర్ట్ దగ్గర తిరగాల్సింది మీరే. పేరు ఇంకా తేలలేదని కంగారు పడొద్దు, పుట్టిన 21 రోజుల్లో జననం నమోదైతే చాలు, పేరు ఏడాది లోపు ఫీజు లేకుండా ఎక్కించుకోవచ్చు, ఆ తర్వాత 15 ఏళ్ళ వరకు ఆలస్య రుసుముతో కూడా కుదురుతుంది.

ప్రశ్న: మా పాప పేరు అనన్య. అది బైబిల్లో హనన్యా నుంచి వచ్చిందని ఎవరో చెప్పారు, నిజమేనా? - మధురవాడ

జవాబు: కాదండీ. అనన్య సంస్కృతం, సాటి ఇంకొకరు లేరని. హనన్యా మగపేరు, దానియేలు స్నేహితుడు, బబులోనులో షద్రకు అని పేరు మార్చారే ఆయన. అదే పేరు గ్రీకు మీదుగా వచ్చి అపొస్తలుల కార్యాల్లో అననీయ అయింది, దాంతో చాలామంది కలిపేసుకుంటారు.

ప్రశ్న: మా పక్కింటి ముస్లిం పాప పేరు హనా. ఇదీ హన్నా కూడా ఒకటేనా? - సీతమ్మధార

జవాబు: వేరు. అరబిక్‌లో హనా అంటే సుఖం, సంతోషం. జపనీస్‌లో హనా అంటే పువ్వు, అది ఇంకా దూరం. అరబిక్‌లో హన్నాకి అసలు చుట్టం హనాన్, అంటే జాలి, ప్రేమ. ఆ పేరు కూడా ఆడపిల్లలకి పెడతారు.