టోర్నమెంటుకి పేరిచ్చే ముందు

ఒరేయ్ అల్లుడూ,

నీ మెసేజ్ చూశాను. వేసవి బాస్కెట్‌బాల్ టోర్నమెంటులో టీమ్ దింపుతామన్నావు. తొమ్మిది మంది ఉన్నాం, అందరూ నాలాంటివాళ్ళే అత్తా, గేలూ ట్రాన్స్ వాళ్ళూ అన్నావు. మీవాళ్ళ గుర్తైన ఇంద్రధనుస్సు రంగులతో ఫ్లెక్సీ డిజైన్ కూడా పంపావు. నాకు సంతోషంగానే ఉంది. ఇన్నేళ్ళు బడిపిల్లల చేత డ్రిబ్లింగ్ చేయించి, రిటైరయ్యాక టోర్నమెంట్లలో స్కోరు రాసే టేబుల్ దగ్గర కూర్చుంటున్నదాన్ని కాబట్టి నాకు తెలిసింది చెప్తాను. ఫ్లెక్సీ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ తొమ్మిది మంది సంగతి.

వాళ్ళలో ఎంతమంది ఇళ్ళలో తెలుసు? నీ గొడవ అయిపోయింది. మీ నాన్న మాటలు మానేసి, మళ్ళీ మొదలుపెట్టాడు కూడా. ఇప్పుడు నువ్వు బీచ్ రోడ్డు మీద మైకు పట్టుకుని చెప్పినా నీకు పోయేదేం లేదు. గాజువాకలో మావయ్య షాపులో పనిచేస్తూ ఆ మావయ్య ఇంట్లోనే ఉంటున్న కుర్రాడి సంగతి అలా కాదు. ఒక్క ఫొటో చాలు, పనీ ఇల్లూ ఒకే రోజు పోతాయి. టీమ్ ఎంతవరకు బయటపడాలన్నది అతని పరిస్థితిని చూసి తేల్చండి. ఎవరికి పోయేది ఎక్కువో వాళ్ళ మాటే చెల్లాలి. అందరి ముందూ అడిగితే ఎవరూ నిజం చెప్పరు, తలూపేస్తారు. ప్రాక్టీస్ అయ్యాక మురీ మిక్చర్ తింటూ ఒక్కొక్కరినీ విడిగా అడుగు.

అందుకే నా మొదటి సలహా నీకు నచ్చకపోవచ్చు. టీమ్ మొత్తం మీవాళ్ళతోనే నింపొద్దు. నీతో కాలేజీలో ఆడినవాళ్ళు, సంగతి తెలిసీ నీతో మామూలుగా ఉన్నవాళ్ళు ముగ్గురో నలుగురో ఉన్నారుగా, వాళ్ళని కలుపుకో. 12 మందిలో ఎవరెవరో చూసేవాళ్ళకి తెలియకపోతే ఆ గాజువాక కుర్రాడు హాయిగా ఆడుకుంటాడు. ఇంట్లో అడిగితే ‘ఫ్రెండ్స్ టీమ్’ అంటాడు, అది అబద్ధం కూడా కాదు. ఇలా చేస్తే మీ టీమ్ మీది కాకుండా పోతుందని అనుకోకు. మీలాంటివాళ్ళ కోసం శాన్ ఫ్రాన్సిస్కోలో 1982లో మొదలైన అంతర్జాతీయ పోటీలు, గే గేమ్స్‌లో బాస్కెట్‌బాల్ కూడా ఉంది. అక్కడ ఎవరైనా ఆడొచ్చు, నువ్వెవరని అడగరు, ఇంత ఆట వచ్చి తీరాలనీ లేదు. 2023లో ఆ పోటీలు మొదటిసారి ఆసియాకి, హాంకాంగ్‌కి వచ్చాయి. వాళ్ళే అందరినీ రానిస్తుంటే మర్రిపాలెంలో మనకెందుకురా మడి?

12 అని ఊరికే అనలేదు. ఫీబా, అంటే అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సంఘం, దాని రూల్స్ ప్రకారం టీమ్ లిస్టులో 12 మందికి చోటుంది, ఆట మొదలవ్వాలంటే ఐదుగురు కోర్టులో ఉండాలి. టైమ్ దాటాక 15 నిమిషాలు చూస్తారు. అప్పటికీ ఐదుగురు లేకపోతే 20-0తో అవతలివాళ్ళు గెలిచినట్టే. మామూలు టీముల్లో కుర్రాళ్ళు రాలేదంటే బద్ధకం. మీ టీమ్‌లో అయితే పెళ్ళిచూపులు పెట్టారనో, అన్నయ్య ఫోన్ లాక్కున్నాడనో సరిగ్గా మ్యాచ్ రోజే ఆగిపోతారు. ఆగిపోయినవాళ్ళని గ్రూపులో తిట్టకండి, మనిషి క్షేమంగా ఉన్నాడో లేదో ముందు కనుక్కోండి.

ఇదంతా టెన్షన్ అనుకుంటే ఈ ఏడాదికి త్రీ ఆన్ త్రీలో దిగండి. నలుగురు చాలు, ముగ్గురు ఆడతారు, ఒకరు బెంచ్. సగం కోర్టు, 10 నిమిషాలు, ఈలోగా ఎవరు 21 కొడితే వాళ్ళది గెలుపు. షాట్ క్లాక్, అంటే బంతి చేతికొచ్చాక షాట్ వేయడానికి ఉండే టైమ్, 12 సెకన్లే కాబట్టి ఊపిరి తీసుకోనివ్వదు, అందులోనూ మే నెలలో మన ఊరి ఉక్క. ఇందులో బంతి కూడా ఆడా మగా అందరికీ ఒకటే, సైజు 6వ నంబర్ బంతిది, బరువు 7వ నంబర్ బంతిది. మీలో ఇద్దరమ్మాయిలు ఉన్నారు కాబట్టి మిక్స్‌డ్ విభాగం పెట్టిన టోర్నమెంటు వెతుకు.

ప్రాక్టీస్ గురించి నీకు నేను చెప్పక్కర్లేదు. ఎవరి కోర్టులో ఆడుతున్నారో ఆ కాలనీ సెక్రటరీకి మాత్రం మీ ముఖాలు రోజూ కనబడాలి. నెట్ చిరిగితే మీ డబ్బుతోనే మార్పించండి.

ఇక ఎంట్రీ ఫారం. మీ ట్రాన్స్ కుర్రాడికి చిక్కొచ్చేది ఇక్కడే. ఆధార్‌లో ఉన్నది అమ్మాయి పేరు, మీరు పిలిచేది ఇంకో పేరు, ఆడాలనుకునేది మగపిల్లల విభాగంలో. డబ్బు కట్టకముందే నిర్వాహకుణ్ణి కలిసి అడగండి. ఒప్పుకుంటే ఆ మాట వాట్సాప్‌లో పెట్టించుకోండి. నోటి మాట మ్యాచ్ రోజుకి ఉండదు, ఓడిపోయిన టీమ్ ప్రొటెస్ట్ ఇవ్వాలనుకుంటే ముందు వెతికేది ఐడీ కార్డుల్లోనే. ట్రాన్స్‌జెండర్ గుర్తింపు కార్డు తీసుకుని ఉంటే దాని కాపీ జత చెయ్యండి. ట్రాన్స్ అమ్మాయి మహిళల విభాగంలో ఆడాలంటే వాదన ఇంకా పెద్దది. రాష్ట్ర, జాతీయ పోటీల అర్హత నిబంధనలు వేరే లెక్క, వాటిని కాలనీ టోర్నమెంటు టేబుల్ దగ్గర తేల్చుకోవాలని చూడొద్దు. ఈ టోర్నమెంటు వరకు ఒప్పుకుంటారా లేదా, అంతే అడగండి.

స్కోర్ షీట్‌లో పేరు రాసే పద్ధతి ఇంటిపేరు, పక్కన పొడి అక్షరం. మన దగ్గర స్కోరర్లు పూర్తి పేరు రాసేస్తారు, మైకు పట్టుకున్నవాడు దాన్నే గట్టిగా చదివేస్తాడు. మ్యాచ్‌కి ముందే టేబుల్ దగ్గరికి వెళ్ళి ‘పొడి అక్షరాలతో రాయండి సార్, మైకులో నంబర్ చెప్తే చాలు’ అను. ఎందుకని ఎవరూ అడగరు, వాళ్ళకి పని తగ్గుతుంది కదా.

మీ ట్రాన్స్ కుర్రాడు ఛాతీ తెలియకుండా బిగుతుగా కట్టే బైండర్ వేసుకుంటాడన్నావు. దానితో ఆడనివ్వకు. ఊపిరి నిండా ఆడకుండా ఈ ఉక్కలో పరిగెడితే కళ్ళు తిరిగి పడిపోతాడు. గట్టి స్పోర్ట్స్ బ్రా, ఒక సైజు పెద్ద జెర్సీ చాలు. బట్టలు మార్చుకునే గదులు ఎలాగూ ఉండవు కాబట్టి ఇంటి దగ్గరే వేసుకుని పైన చొక్కా తొడుక్కుని రమ్మను.

అరుపుల సంగతి. అరవరని నేను చెప్పను. ‘తేడాగాళ్ళు’ అంటారు, ‘ఆడంగి’ అంటారు, ఫ్రీ త్రో వేసేటప్పుడు ఈలలేస్తారు. మేం యూనివర్సిటీకి ఆడే రోజుల్లో నిక్కర్లు వేసుకున్నామని ప్రహరీ గోడెక్కి కూర్చుని అరిచేవాళ్ళు, జుట్టు కత్తిరించుకున్న పిల్లని ‘మగరాయుడు’ అనేవాళ్ళు. మా టీమ్‌లో ఇద్దరుండేవారు, ఒకే నీళ్ళ సీసా, ఒకే టవల్, బస్సులో ఎప్పుడూ పక్కపక్క సీట్లే. మాకందరికీ తెలుసు, ఎవరం ఆ మాట ఎత్తేవాళ్ళం కాదు. ఫైనలియర్ పరీక్షలవగానే ఒకామెకి పెళ్ళి చేసి పంపేశారు, రెండో ఆమె మళ్ళీ కోర్టు వైపు రాలేదు. దూరం నుంచి అలాంటి షాట్ నేను ఇంకెవరి చేతిలోనూ చూడలేదు.

సరే. అరిచింది ఎవరన్నది ముందు చూడు. అవతలి టీమ్ ఆటగాడైతే రూల్ నీ వైపే ఉంది. ఎదుటివాణ్ణి రెచ్చగొట్టినా, కించపరిచే మాట అన్నా టెక్నికల్ ఫౌల్ ఇవ్వొచ్చు, మీకో ఫ్రీ త్రో వస్తుంది. అదే మనిషికి రెండోది పడితే బయటికి పోవాల్సిందే. కానీ రిఫరీ చెవిన పడాలి. అందుకని అందరూ ఆయన మీదికి పోకండి. బంతి ఆగినప్పుడు కెప్టెన్ ఒక్కడే వెళ్ళి, ‘సార్, ఏడో నంబర్ ఈ మాటంటున్నాడు, కాస్త గమనించండి’ అనాలి. ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పాలి. సిగ్గుపడి ‘ఏదో అన్నాడు సార్’ అంటే ఆయన కూడా ఏదోలే అనుకుంటాడు. అరిచింది ప్రేక్షకులైతే నిర్వాహకుడికి చెప్పండి, వాళ్ళని అదుపులో పెట్టడం ఆయన పని. మీవాడు తిరిగి తిడితే మాత్రం ఫౌల్ మీకే పడుతుంది. ఎవరికి కోపం ఎక్కువో ముందే చూసుకుని అలాంటప్పుడు బెంచ్ మీద కూర్చోబెట్టు. అది నువ్వేనని నా అనుమానం. అలాగైతే కెప్టెన్సీ ఇంకెవరికైనా ఇచ్చెయ్యి.

సుప్రీంకోర్టు 2014లో ట్రాన్స్‌జెండర్ల గురించి, 2018 సెప్టెంబర్ 6న స్వలింగ సంబంధాల్ని నేరమన్న సెక్షన్ 377 గురించి ఇచ్చిన తీర్పులు, ట్రాన్స్‌జెండర్ల 2019 చట్టం, ఇవన్నీ నీకు నాకంటే బాగా తెలుసు. నిర్వాహకుడి దగ్గరికి వెళ్ళగానే వాటిని బల్ల మీద పరచకు. ఆయన చందాలు పోగేసి, గ్రౌండుకి పర్మిషన్ తెచ్చుకుని, వాన ఎప్పుడు పడుతుందోనని ఆకాశం కేసి చూస్తుంటాడు. కేసు మాటెత్తితే ముందు మీ ఎంట్రీనే పక్కన పడేస్తాడు. కారణం ఇదేనని చెప్పి తిరగ్గొడితే అప్పుడు మాట్లాడదాం, నేనూ వస్తాను.

ఫైనల్స్ యూట్యూబ్‌లో లైవ్ పెడతారు, గెలిచిన టీమ్ ఫొటో పేపర్లో జిల్లా పేజీకి పంపుతారు. అంటే మీకు ఓడినప్పటి కంటే గెలిస్తేనే చిక్కు. సెమీస్‌కి వచ్చేసరికే ఫొటోలో ఎవరు నిలబడతారో, ఎవరు నీళ్ళ కోసమని పక్కకి వెళ్తారో అనుకుని ఉండండి.

ఇప్పుడు ఫ్లెక్సీ. ఈ ఏడాదికి వద్దంటాను. జేసన్ కాలిన్స్ అని అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ ఆటగాడు, 12 సీజన్లు ఆడాక 2013లో తను గే అని చెప్పుకున్నాడు. అలా చెప్పకముందే, ఆ సీజన్లో 98 నంబర్ జెర్సీ వేసుకుని ఆడాడు. గే అయినందుకు 1998లో హత్యకు గురైన మాథ్యూ షెపర్డ్ అనే కుర్రాడి జ్ఞాపకంగా. స్టేడియంలో వేలమందికి అదొక నంబర్, అంతే. మన పక్క ఒడిశా అమ్మాయి, పరుగు పందేల ద్యుతీ చంద్, తను ఒక అమ్మాయిని ప్రేమిస్తున్నానని 2019లో బయటికి చెప్పింది. అప్పటికే ఆసియా క్రీడల్లో రెండు రజతాలు తెచ్చిన పిల్ల, అయినా ఇంట్లోవాళ్ళ నుంచే వ్యతిరేకత వచ్చింది. ఆమెకే అంత కష్టమైతే మన షాపు కుర్రాడి వెనక ఏముంది చెప్పు? రంగులు కావాలంటే షూ లేసులు ఒక్కొక్కరూ ఒక్కో రంగువి కట్టుకోండి.

ఇంకో కిటుకు చెప్తాను. ఏ టోర్నమెంటులోనైనా ఆడేవాళ్ళకి కొదవ ఉండదు, టేబుల్ దగ్గర కూర్చునేవాళ్ళే దొరకరు. మీ మ్యాచ్ లేని సాయంత్రాలు మీలో ఇద్దరు స్కోరు, టైమర్ చూస్తామని చెప్పండి. ఏ నిర్వాహకుడూ వద్దనడు. తమ పాయింట్లు, ఫౌల్స్ సరిగ్గా పడ్డాయో లేదో చూసుకోడానికి అన్ని టీముల కెప్టెన్లూ షీట్ దగ్గరికే వస్తారు, రాసినవాళ్ళ ముఖం గుర్తుపెట్టుకుంటారు. మర్నాడు వాళ్ళతోనే మీ మ్యాచ్ పడితే అరుపులు కాస్త తగ్గుతాయి, ఇది నేను చూసిన సంగతే. గాజువాక కుర్రాడికి ఆడాలంటే భయంగా ఉంటే అతన్ని టేబుల్‌కి పంపు.

ఆదివారం సాయంత్రం ఎండ తగ్గాక వస్తాను, ఇద్దరికి షీట్ రాయడం నేర్పిస్తాను. మొదటి, మూడో క్వార్టర్లు ఎర్ర పెన్నుతో, మిగతా రెండూ నీలం పెన్నుతో రాయాలి, రెండూ కొని ఉంచు. షీట్లు నా దగ్గరున్నాయి. రాత్రి భోజనం మీ ఇంట్లోనేనని మీ నాన్నకి చెప్పు.

అత్త