పాటల అంగడి: పొట్టోళ్ల పాటకు ఒక పొట్టోని జవాబు

ప్రశ్న: సార్, నాకు 24 ఏండ్లు. గిటారు వాయిస్తూ సొంతంగా పాటలు రాసి పాడుకుంటాను. ఈ మధ్య ఆరు పాటలతో ఒక ఆల్బం చేసినా. అందులో ఒకటి కట్నం అడిగే పెళ్లికొడుకు తండ్రి పాడినట్టు ఉంటుంది. ఆయన నోటితోనే ఆయన పరువు తీయాలని నా ఆలోచన. మా మేనత్త అది విని 'నీకు ఈ బుద్ధి ఎప్పటినుంచిరా' అని మాట్లాడటం మానేసింది. అంతకంటే బాధ ఏమంటే, ఒక పెళ్లిలో పాడితే ఇద్దరు పెద్దమనుషులు వచ్చి 'ఉన్నమాట చెప్పినావబ్బా' అని భుజం తట్టినారు. తప్పు పాటదా, విన్నోళ్లదా?
(ఒక పాఠకుడు, అనంతపురం)

జవాబు: ముందు నా ఎత్తు చెప్తాను, దానితో పని ఉంది. అయిదడుగుల ఒక అంగుళం. కడపలో ఏడురోడ్ల దగ్గర నాకు క్యాసెట్ల అంగడి ఉన్నప్పుడు గల్లాపెట్టె వెనక పీట వేసుకొని దాని మీద నిలబడేవాణ్ణి. పీట మరిచిపోయిన రోజు 'అంగట్లో ఎవరూ లేరా' అని కేకలు వినబడేవి. 'పొట్టోనికి పుట్టెడు బుద్ధులు' అన్న సామెత నాకు రోజుకు ఒకసారైనా తగిలేది.

అప్పట్లో ఒక డాక్టరుగారు, అమెరికా నుంచి కొడుకు తెచ్చిన ఎల్పీ రికార్డు ఇచ్చి, క్యాసెట్‌కు ఎక్కించమన్నారు. ర్యాండీ న్యూమన్ అనే ఆయన రాసి పాడిన 'లిటిల్ క్రిమినల్స్', 1977 నాటిది. ముల్లు పెట్టగానే మొదటి పాట 'షార్ట్ పీపుల్'. పియానో గెంతులేస్తా పోతుంది, చిన్నపిల్లల పాట మాదిరి. నాకున్న ఇంగ్లీషుకు అందింది ఒకటే: పొట్టోళ్లు బతకడం దేనికి అంటున్నాడు. ఒళ్లు మండింది. డాక్టరుగారి కొడుకు నన్ను చూసే ఈ రికార్డు ఏరి తెచ్చినాడేమో అని కూడా అనుకున్నా.

కానీ రికార్డు నుంచి క్యాసెట్‌కు ఎక్కించాలంటే పాట నడిచినంతసేపూ పక్కన కూర్చోవాల్సిందే. మొదటిసారి లెవెల్ ఎక్కువైంది, రెండోసారి కరెంటు పోయింది. మూడోసారి నడిమి చరణం చెవిన పడింది. అక్కడ వరస మారుతుంది, వేరే గొంతులు వచ్చి కలుస్తాయి, పొట్టోళ్లూ మనలాంటోళ్లే, మనుషులంతా అన్నదమ్ములే అంటాయి. అది కాగానే మొదటి మనిషి ఆ మాటలు చెవిన పడనట్టే మళ్లీ తన తిట్లు ఎత్తుకుంటాడు. అప్పుడు తెలిసింది, తిట్టేది న్యూమన్ కాదు, ఒక మూర్ఖుడు. న్యూమన్ పక్కకు నిలబడి వాణ్ణి మనకు చూపిస్తున్నాడు.

నాకైతే కరెంటోళ్లు మూడుసార్లు వినిపించినారు. అమెరికాలో రేడియో వినేవాళ్లకు అంత ఓపిక యాడిది? 1978 మొదట్లో ఆ పాట అక్కడ పాటల జోరు లెక్కగట్టే బిల్‌బోర్డ్ పట్టికలో 2వ స్థానం దాకా పోయింది, ఆల్బం 9వ స్థానం దాకా. దాంతో తిట్లూ వచ్చినాయి. మేరీలాండ్ శాసనసభ్యుడు ఒకాయన ఈ పాటను రేడియోలో వేయగూడదని బిల్లే తేబోయినాడు. వాక్‌స్వాతంత్ర్యానికి అడ్డమని అది సాగలేదు. విచిత్రం ఏమంటే, 1972లో ఈయనే 'సెయిల్ అవే'లో ఒక బానిసల వర్తకుడి నోటితో, అమెరికా ఎంత చక్కటి దేశమో రండి రండి అని ఆఫ్రికావాళ్లను తియ్యగా పిలిపించినాడు. ఇంతకు వంద రెట్లు చేదైన పాట. దానికి ఇంత రచ్చ కాలేదు. అది విన్నవాళ్లు తక్కువ, విన్నవాళ్లకు ఆయన పద్ధతి తెలుసు. 'షార్ట్ పీపుల్' దారినపోయే ప్రతి ఒక్కరి చెవిలో సగం సగంగా పడింది.

నీకు చెప్పదలచింది ఇక్కడుంది నాయనా. మన కటారుపల్లి వేమన ఎంత కటువుగా తిట్టినా చివర మకుటం ఉంటుంది, ఎవరు తిడుతున్నారో తెలిసిపోతుంది. ధర్మవరం పక్కన నిమ్మలకుంట తోలుబొమ్మలాటలో నవ్వించే బొమ్మ కేతిగాడు ఎంత మోటుమాట అన్నా ఎవరూ లేచి కొట్లాడరు. తెర మీద బొమ్మ కనబడుతుంది, గొంతు మారుతుంది. నీ పాటలో మకుటమూ లేదు, బొమ్మా లేదు. నీ గొంతే, నీ గిటారే. విన్నోళ్లు నువ్వే అంటున్నావనుకోరా మరి?

అట్లని పాటకు ముందు 'ఇది వ్యంగ్యం' అని చెప్పబాకు, ఉప్పు వేసినానని చెప్తే కూరకు రుచి రాదు. ఆ తండ్రి అడిగేవి ఇంకా పెంచు. నగదు, బండి, ఇంటి స్థలం అయినాక, పెళ్లికూతురి జేజి పంటి మీది బంగారు తొడుగు కూడా అడగనీ. ఆ భుజం తట్టిన పెద్దమనుషులు అక్కడ చేయి వెనక్కి తీసుకుంటారు. నడుమ ఒక ఆడగొంతు పెట్టు. అది న్యూమన్ చేసినదానికంటే కొంచెం ఎక్కువసేపు ఉండనీ. ఆయన దగ్గర నాకు నచ్చనిది అదే. తిట్లు పాటంతా, మంచిమాట చిటికెడు. బడికి పోయే పొట్టి పిల్లోనికి ఆ చిటికెడు చాలదు.

పెళ్లిలో ఆ పాట పాడినావు చూడు, అది మాత్రం పూర్తిగా నీ తప్పే.

ఇక మీ మేనత్త. ఆమెకు పాట అర్థం కాలేదని నేననుకోను. ఆ గొంతు ఆమె ఇంతకుముందే, తన ఇంట్లోనో తన కూతురి పెళ్లి మాటల్లోనో విని ఉంటుంది. ఇప్పుడు మేనల్లుని నోట విన్నది. పోయి కూర్చో. గిటారు తీసుకుపోబాకు. ఆమె చెప్తే విను, అందులోనే నీ నడిమి చరణం దొరకొచ్చు.

ప్రశ్న: పోయినసారి మీరు పేరు చెప్పి వదిలేసిన ర్యాండీ న్యూమన్ తర్వాత ఏమైనాడు?
(ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు)

జవాబు: సినిమాలకు పోయినాడమ్మా. 1995లో వచ్చిన 'టాయ్ స్టోరీ' పాటలు ఆయనవే. ఆస్కార్‌కు 15 సార్లు పేరు పోయి ఉత్తచేతులతో వచ్చి, 16వ సారి, 2002లో గెలిచినాడు. 2011లో ఇంకొకటి. మా మనవడు ఆ బొమ్మల సినిమా చూస్తా పెరిగినాడు. ఈ తాత నీ అబ్బను, అదే నన్ను, తిట్టినాడురా అని చెప్తే నన్ను పైనుంచి కిందికి చూసి నవ్వినాడు. వానికి 13 ఏండ్లు, అప్పుడే నాకంటే రెండంగుళాలు ఎక్కువ.